చమురు ధర – చెఱకు ఆల్కహాలు: బ్రెజిల్ అనుభవము

పెట్రోలు ధర పెరిగినచో ప్రత్యామ్నాయము తనంతట నిలద్రొక్కుకొనునని పలువురు తలంతురు. బ్రెజిల్ చరిత్రము ఇందుకు భిన్నమైన సాక్ష్యము నిచ్చుచున్నది.

1973 అక్టోబరునకును 1974 జనవరికిని నడుమ పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్లను సమీపించెను. చమురులో అధికభాగమును దిగుమతి చేసికొనుచుండిన బ్రెజిల్ 1975 నవంబరులో, చెఱకునుండి ఆల్కహాలు తీయించు జాతీయపథకమును ప్రారంభించెను. 1979లో కేవలము ఆల్కహాలుతో నడచు కార్లు విపణికి వచ్చెను. కొలదియేండ్లలో క్రొత్తకార్లయందు నూటికి 90కి పైగా అవియే. కాని 1986లో చమురు ధర పడిపోయెను. పిదప చక్కెర ఎగుమతియే లాభసాటి యయ్యెను. 1989లో ఆల్కహాలునకు కఱవు వచ్చెను. కొన్నవారి నమ్మకము సడలెను. 2003లో పెట్రోలును ఆల్కహాలును ఏపాళ్లలోనైనను స్వీకరించు కార్లు వచ్చిన పిదపనే అది మరల కుదురుకొనెను.

కావున అధికధర ప్రత్యామ్నాయమును పుట్టింపగలదేకాని నిలుపజాలదని మా అభిప్రాయము. దానిని నిలిపినది, కొనువాడు ఒక్క ఇంధనమునకే కట్టుబడ నక్కఱలేని వెసులుబాటు.