మాయ ఎవరి సొత్తు?

మా ఆమడగూరు పక్క ఇళ్లలోనే కాన్పులు జరిగే కాలంలో బిడ్డను చూసుకునేందుకు పదిమంది ఉంటే, మాయ సంగతి చూసేది ఒక్క ముసలమ్మే. అంతా ఊడి పడిందా లేదా అని చూసి, కుక్కలు తవ్వకుండా లోతుగా గుంత తీయించి పూడ్పించేది. తొమ్మిది నెలలు బిడ్డకు అన్నమూ ఊపిరీ తానే అయిన మాయకు దక్కే మర్యాద అంతే.

దాని గురించి ఇప్పుడెందుకంటే, మా బంధువుల్లో ఒక అమ్మాయికి ముత్యాల గర్భం వచ్చింది. మోలార్ ప్రెగ్నెన్సీ అంటారు. అందులో సాధారణంగా బిడ్డ ఉండదు, మాయ ఒక్కటే నీటిబుడగల గుత్తిలా పెరిగిపోతుంది. ఆస్పత్రిలో తీసేసి ఇంటికి పంపారు. ఇక మొదలయ్యాయి మాటలు. "గ్రహణంలో బయట తిరిగింటుంది", "బొప్పాయి తినింటుంది", "ఆ పిల్ల కడుపే మంచిది కాదు". ఆ అమ్మాయి కన్నీళ్లు చూశాక మాయ చరిత్ర కొంత చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

చిత్రమేమిటంటే, ఈ జబ్బుకు మందు ముందు దొరికింది, కారణం తర్వాత తెలిసింది. ఆ మందు వెనుక ఉన్నది మన తెలుగాయనే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలను నడిపారు. మనం కడుపుతో ఉన్నప్పుడు ఐరన్‌తో కలిపి మింగే ఫోలిక్ యాసిడ్‌ను 1940ల నడుమ అక్కడ తయారుచేసింది ఆయన బృందమే. తర్వాత దాన్ని పోలినట్టే ఉండి, వేగంగా పెరిగే కణాలను మోసం చేసి ఆపేసే మందులు చేశారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

ముత్యాల గర్భం తర్వాత కొందరిలో మిగిలిన మాయకణాలు క్యాన్సర్‌గా మారి ఊపిరితిత్తులకు పాకుతాయి. అప్పట్లో అలా పాకితే ఆశ వదులుకోవడమే. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు అలాంటి స్త్రీలకు మెథోట్రెక్సేట్‌తో నయమైందని ప్రకటించారు. గడ్డగా పెరిగే ఒక క్యాన్సర్ మందులతోనే నయం కావడం అదే మొదలు. గర్భపు హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని పట్టుబట్టినందుకు లీ ఉద్యోగం పోయింది. చివరికి ఆయన మాటే నిలిచింది. 1972లో లాస్కర్ అవార్డు కూడా వచ్చింది.

కారణం తెలిసింది 1977లో. కాజీ, ఒహామా అనే జపాన్ శాస్త్రవేత్తలు పూర్తి ముత్యాల గర్భంలోని క్రోమోజోములన్నీ తండ్రివేనని చూపించారు. తల్లి అండంలోని జన్యువులు ఎలాగో జారిపోయి, తండ్రివే రెట్టింపవుతాయన్నమాట. మరి జన్యువుల లెక్క సరిపోయినా బిడ్డ ఎందుకు రాలేదు? దానికి జవాబు 1984లో ఎలుకల్లో దొరికింది. కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ బృందమూ, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ విడివిడిగా తేల్చింది ఒకటే: తల్లి జన్యువులూ తండ్రి జన్యువులూ ఒకదానికి ఒకటి బదులు కావు. సురానీ ప్రయోగాల్లో తండ్రివే ఉంటే మాయ బాగా పెరిగి పిండం చిక్కిపోయింది. తల్లివే ఉంటే పిండం కాస్త పెరిగి మాయ నిలవలేదు.

దీన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. వంటల పుస్తకంలో అక్షరాలేవీ మారవు. కానీ కొన్ని పేజీలకు అమ్మ పిన్ను కొట్టి మూసేసింది, కొన్నింటికి నాన్న. ఎవరు మూసిన పేజీ రెండోవారి పుస్తకంలో తెరిచి ఉండాలి. 2019లో జపాన్‌లో ముత్యాల గర్భం నుంచి తీసిన మాయ మూలకణాలను పెంచి చూశారు. మామూలు కణాలు ఒకదానికొకటి ఒత్తుకోగానే పెరగడం ఆపుతాయి, ఇవి ఆగలేదు. ఆపే పగ్గం పీ57 అనే జన్యువు, అది పనిచేసేది తల్లి వైపు ప్రతిలోనే. అమ్మ పగ్గం లేక మాయ అదుపు తప్పిందన్నమాట.

ఇంకో పగ్గం ఆక్సిజన్. కడుపులో బిడ్డకు మొదటి నుంచీ గాలి బాగా అందాలని మనం అనుకుంటాం. కానీ మొదటి రెండున్నర నెలలు మాయకణాలే తల్లి రక్తనాళాల మూతులకు బిరడాల్లా అడ్డుపడి రక్తాన్ని ఆపుతాయి. 2000లో లండన్‌లో కొలిచి చూస్తే 8వ వారంలో మాయ దగ్గర ఆక్సిజన్ 20 మిల్లీమీటర్లకు లోపే ఉంది, 12 వారాలకు 50 దాటింది. మనం పీల్చే గాలిలో అది సుమారు 160. ఆ తక్కువ గాలిలోనే మూలకణాలు సంఖ్య పెంచుకుంటాయి, గాలి పెరిగాక పనిలోకి దిగుతాయి. కణంలో పిన్నులు తీసే ఎంజైములు కొన్నింటికి ఆక్సిజన్ కావాలి. అందుకే ఏ పేజీ ఎప్పుడు తెరవాలన్న దానిలో గాలికీ పాత్ర ఉంది. ఇదంతా గడప దాటినందుకో, పండు తిన్నందుకో మారేది కాదు.

ఇది ఆడపిల్ల తప్పు కాదు. అలాగని మొగుడి తప్పూ కాదు. రెండు పుస్తకాలు కలిసే చోట జరిగిన పొరపాటు, అంతే.

కానీ ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. పూర్తి ముత్యాల గర్భం తీసేశాక నూటికి 15 నుంచి 20 మందికి మందుల వైద్యం అవసరమవుతుంది. అది ఎవరికో తెలిసేది బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షతోనే. రక్తస్రావం ఆగింది కదా అని మానేయకండి. డాక్టరు సరేననేదాకా మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే కొత్త గర్భంలోనూ అదే హార్మోన్ పెరుగుతుంది, ఏది ఏదో తెలియదు. తర్వాతి గర్భంలో ఇది మళ్లీ వచ్చేది నూటికి ఒకరిద్దరికే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఏం తినింది, ఎక్కడ తిరిగింది అని అడగకండి. తర్వాతి రక్తపరీక్ష ఎప్పుడో అడిగి, తోడు వెళ్లండి.