బడికి సెలవు ఎవరిస్తారు? విహారయాత్రకు పూచీ ఎవరిది?

ముసురు పట్టిన రోజు రాత్రి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ‘రేపు బడి ఉందా?’ కాసేపటికి ఎవరో ఒక ఉత్తర్వు ఫొటో పెడతారు. దానిపై ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది. తేదీ మాత్రం పోయిన ఏడాదిది.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ గందరగోళం తక్కువ. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ పేరుతో విడిగా ఒక పాలనా వ్యవస్థ ఉంటుంది. మంచు ఎక్కువగా పడితే దాని సూపరింటెండెంట్ నిర్ణయం తీసుకుంటారు. తల్లిదండ్రుల ఫోన్లకు నేరుగా మెసేజ్ వస్తుంది. మన దేశంలో అలాంటి వ్యవస్థ లేదు. సెలవు ఇచ్చే అధికారం పరిస్థితిని బట్టి జిల్లా కలెక్టర్‌కు, రాష్ట్ర ప్రభుత్వానికి ఉంటుంది. దిల్లీ చుట్టుపక్కల మరో సంస్థ మాట కూడా చెల్లుతుంది. విహారయాత్రల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. ప్రమాదం జరిగాక బాధ్యత ఎవరిదో తేలడానికి ఏళ్లు పడుతుంది.

సెలవు ఉత్తర్వు ఎక్కడి నుంచి వస్తుంది?

విపత్తు నిర్వహణ చట్టం-2005 ప్రకారం ప్రతి జిల్లాలో ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. దానికి అధ్యక్షత వహించేది కలెక్టరే. అందుకే వాన, వరద, తుపాను సెలవులు ఎక్కువగా జిల్లాల వారీగా వస్తాయి. పక్క జిల్లాకు సెలవు ఇచ్చి మనకు ఇవ్వలేదంటే అది పొరపాటు కానక్కర్లేదు. పరిస్థితి మరీ తీవ్రమైతే రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2024 సెప్టెంబరు 2న భారీ వర్షాలు, వరదల కారణంగా తెలంగాణ రాష్ట్రమంతటా పాఠశాలలు మూశారు.

ఉత్తర్వు చేతికొస్తే తేదీ తర్వాత చూడాల్సింది అది ఎవరికి వర్తిస్తుందన్నది. ప్రైవేటు, ఎయిడెడ్ పాఠశాలల ప్రస్తావన ఉందా? అంగన్‌వాడీలు, జూనియర్ కాలేజీలు వేరే శాఖల కిందివి కాబట్టి వాటిని విడిగా పేర్కొన్నారా? కొన్ని ఉత్తర్వులు పిల్లలకు మాత్రమే సెలవు ఇస్తాయి, ఉపాధ్యాయులు రావాల్సిందే. అనుమానం ఉంటే కలెక్టర్ అధికారిక ఖాతాలో చూడండి, లేదా మండల విద్యాధికారిని అడగండి. ఫార్వర్డ్ అయిన ఫొటోను నమ్మకండి.

ప్రకటన ఎప్పుడొచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం. 2022 ఆగస్టు 4న కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో కలెక్టర్ సెలవు ప్రకటన ఉదయం 8 దాటాక వచ్చింది. అప్పటికే చాలామంది పిల్లలు బస్సెక్కేశారు, కొందరు తరగతిలో కూర్చున్నారు. తల్లిదండ్రులు మండిపడ్డారు. తెరిచిన బడులను మూయనక్కర్లేదని, వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపొద్దని తర్వాత వివరణ ఇచ్చారు. నా దృష్టిలో ఆ వివరణే సరైన పద్ధతి. వానలో బడిలో ఉన్న పిల్లల కంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు సగం దారి నుంచి వెనక్కి వచ్చే పిల్లలకే ప్రమాదం ఎక్కువ.

దిల్లీ, పరిసర ప్రాంతాల్లో సెలవుకు కారణం వాన కాదు, గాలి. అక్కడ వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ‘గ్రాప్’ పేరుతో దశలవారీ ప్రణాళిక అమలు చేస్తుంది. వాయు నాణ్యత సూచీ 400 దాటితే మూడో దశ, 450 దాటితే నాలుగో దశ. 2024 డిసెంబరులో సవరించిన ప్రణాళిక ప్రకారం దిల్లీలో మూడో దశలో 5వ తరగతి వరకు, నాలుగో దశలో 6 నుంచి 9, 11 తరగతులకు కూడా హైబ్రిడ్ పద్ధతి పాటించాలి. అంటే ఆన్‌లైన్ సదుపాయం ఉన్నచోట బడికి పంపాలా, ఇంట్లో ఉంచాలా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవచ్చు.

ఆ వెసులుబాటు వెనుక ఒక ముఖ్యమైన వాదన ఉంది. 2024 నవంబరులో దిల్లీ బడులు మూసినప్పుడు సుప్రీంకోర్టు ఒక విషయం గుర్తించింది. చాలామంది పిల్లలకు మధ్యాహ్న భోజనం పోయింది, ఆన్‌లైన్ పాఠాలు వినే సౌకర్యం లేదు, ఇంట్లో గాలిని శుద్ధి చేసే యంత్రాలూ లేవు. ఇంట్లో ఉంటే మంచి గాలి పీలుస్తారన్నది కొన్ని ఇళ్లకే వర్తించే మాట. 2020 మార్చిలో కొవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు కూడా మధ్యాహ్న భోజనం సంగతేమిటని సుప్రీంకోర్టు తనంతట తానే ప్రశ్నించింది. ఆ తర్వాత భోజనమో, దానికి బదులు ఆహార భద్రతా భత్యమో ఇవ్వాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. సాధారణ వాన సెలవుల్లో మాత్రం ఈ ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

పోయిన పని దినాల లెక్కా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి 5వ తరగతి వరకు 200, 6 నుంచి 8 వరకు 220 పని దినాలు ఉండాలి. రెండో శనివారం బడి పెడుతున్నారంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 2024 ఏప్రిల్‌లో ఎండలకు బంగ్లాదేశ్‌లో దేశమంతా బడులు మూశారు, నవంబరులో పొగమంచు కాలుష్యంతో లాహోర్‌లో మూశారు. ఆ ఏడాది వాతావరణ కారణాలతో చదువుకు అంతరాయం కలిగిన పిల్లలు దక్షిణాసియాలోనే 12.8 కోట్ల మంది అని యునిసెఫ్ లెక్కగట్టింది.

విహారయాత్రకు సంతకం పెట్టే ముందు

‘ఏదైనా జరిగితే యాజమాన్యానికి సంబంధం లేదు’ అని రాసి ఉన్న అంగీకార పత్రంపై తల్లిదండ్రులు సంతకం పెట్టడం మామూలైపోయింది. ఆ వాక్యంతో పాఠశాల బాధ్యత తీరిపోదు. 1995 మేలో పఠాన్‌కోట్ ప్రాంతానికి చెందిన ఒక పాఠశాల పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి బియాస్ నదిలో మునిగిపోయారు. 14 మంది చనిపోయారు. వెంట ఉన్న ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి పాఠశాలే బాధ్యత వహించాలని, ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

అదే నది పేరు తెలుగువాళ్లకు మరో కారణంతో గుర్తుండిపోయింది. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, టూర్ నిర్వాహకుడు ఒకరు మండీ జిల్లాలో కొట్టుకుపోయారు. లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. 2016 జనవరిలో హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఖరారు చేస్తూ విద్యుత్ బోర్డు 60 శాతం, కాలేజీ 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలంది. నీళ్లు వదిలింది కాలేజీ కాకపోయినా, పిల్లల్ని తీసుకెళ్లినందుకు దాని వాటా దానికి పడింది.

తర్వాత జరిగిన ప్రమాదాలు చూస్తే కారణాలు కొత్తవేమీ కావు. 2022 అక్టోబరు 5 రాత్రి ఊటీకి పిల్లలతో వెళ్తున్న ప్రైవేటు టూరిస్టు బస్సు కేరళలోని వడక్కెంచేరి దగ్గర ఆర్టీసీ బస్సును వెనుక నుంచి ఢీకొంది. 5 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు సహా 9 మంది చనిపోయారు. అప్పుడు బస్సు వేగం గంటకు 97 కిలోమీటర్లకు పైనే. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో పడవ బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు మరణించారు. పడవలో పరిమితికి మించి ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అదే ఏడాది డిసెంబరులో కోలార్ జిల్లా గురుకుల విద్యార్థినులు నలుగురు మురుడేశ్వర్ సముద్రంలో మునిగిపోయారు.

రాత్రి ప్రయాణం, నీళ్లు. చాలావరకు ప్రాణాలు పోతున్నది ఈ రెండింటి దగ్గరే. కాబట్టి ‘భోజనం ఏం పెడతారు’ కంటే ముందు వీటి గురించి అడగాలి. బస్సు రాత్రి నడుస్తుందా? రెండో డ్రైవర్ ఉన్నాడా? మరో రాష్ట్రానికి వెళ్తుంటే ఆ బస్సుకు పర్మిట్ ఉందా? కార్యక్రమంలో నది, చెరువు, బీచ్, జలపాతం ఏదైనా ఉందా? ఉంటే పిల్లలు నీళ్లలోకి దిగుతారా, పడవ ఎక్కుతారా? ఎంతమందికి ఒక టీచర్? ఆడపిల్లలతో మహిళా టీచర్ వెళ్తున్నారా? యాత్రకు విద్యాశాఖ అనుమతి తీసుకున్నారా? సమాధానాలు నోటిమాటగా కాకుండా రాతలో అడగండి. అడిగితే కొందరు ‘మీకొక్కరికే ఎందుకీ అనుమానాలు’ అంటారు. అననివ్వండి.

జ్వరం వస్తే ఏం చేస్తారన్నది కూడా అడగాల్సిందే. 2006 డిసెంబరులో బెంగళూరు పాఠశాల విద్యార్థిని ఒకరు ఉత్తర భారత యాత్రలో మెదడువాపు బారినపడ్డారు. సకాలంలో వైద్యం అందించలేదని వినియోగదారుల కమిషన్‌లో మొదలైన ఆ కేసులో 88 లక్షలకు పైగా పరిహారాన్ని 2021లో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది.

అయితే ఈ దారి అందరికీ తెరిచి ఉంటుందని అనుకోవద్దు. పిక్నిక్‌లు, విహారయాత్రలు సహా విద్యాసంస్థల కార్యకలాపాలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. ఆ దారి మూసుకుపోయినా సివిల్ కోర్టు, హైకోర్టు ఉన్నాయి. 1995 నాటి పిల్లల తల్లిదండ్రులు వెళ్లింది హైకోర్టుకే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే మాత్రం ఘటన జరిగిన 2 ఏళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. యాత్రకు కట్టిన డబ్బుల రసీదు, సంతకం పెట్టిన పత్రం నకలు, స్కూలు నుంచి వచ్చిన మెసేజ్‌లు అప్పటిదాకా మీ దగ్గర ఉండాలి.