కిక్రి చెప్పిన పాఠం

మన గూడేలకు బడి రాకముందే పిల్లలకు పాఠం ఉండేది. చెప్పేవాడు పర్ధాన్. పండుగకో, చావు కర్మకో ఆయన వచ్చి గుర్రపు వెంట్రుకల తీగల కిక్రి వాయిస్తూ కథ ఎత్తుకుంటే రాత్రి తెలియకుండా గడిచేది. పిల్లలు పెద్దల ఒడిలో నిద్రపోతూ, మధ్యలో లేస్తూ వినేవారు.

అందులో పెద్ద కథ మన దేవతలు గుహలో బందీలైన కథ. ఊరికో తీరుగా చెబుతారు. పహండి కుపార్ లింగాల్ వచ్చి వాళ్ళను విడిపిస్తాడు. విడిపించి ఊరుకోడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా పంచి ఎవరికెవరు అన్నదమ్ములో చెబుతాడు. నాలుగేళ్ళ పిల్లకు చీకటి భయం తెలుసు. ఆ భయం దేవతలకూ ఉండేదని వింటుంది. ఎన్నడూ చూడని పక్క ఊరి పిల్లవాడు తమ సగవాడైతే తమ్ముడేనని నేర్చుకుంటుంది. మేం డి.ఎడ్. చదివినప్పుడు దీన్నే సాంఘిక వికాసం, ఉద్వేగ వికాసం అని పరీక్షలో రాశాం. కిక్రి పేరు మాత్రం ఆ పుస్తకాల్లో లేదు.

అయినా ఒకప్పుడు బడికి మన మాట తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, నిజాం ప్రభుత్వ కాలంలో హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. లిపి పరాయిదే, మాట మనది. తర్వాతి కాలంలో ఆ మాట తరగతి గది దాటి బయటికి పోయింది.

మా తరం ఒకటో తరగతిలో కడుపు నొస్తోందని సారుకు చెప్పలేక ఇంటికి పారిపోయింది. రిజిస్టరులో గైర్హాజరు పడింది, అంతే.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండితో సహా ఎనిమిది భాషల్లో బోధన మొదలుపెట్టారు. మంచి ప్రయత్నమే. అయితే వాచకం కథ చెప్పదు, మనిషి చెప్పాలి. మేం ఒకటో తరగతికి గుహ కథ గోండిలో చెప్పి, లోపలున్నవాళ్ళు ఏం చేసి ఉంటారని అడిగాం. నెలరోజులుగా నోరు తెరవని ఒక పిల్ల, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేయి పట్టుకుని ఉంటారంది. తర్వాత పక్కనున్న పిల్ల చేయి పట్టుకుంది.

పోయిన దండారి పండుగకు ముసలి పర్ధాన్ తాతను బడికి పిలిచాం. ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తారని పైనుంచి అడిగారు. మాకు పద్దు దొరకలేదు. పిల్లల తల్లులే ఇంటికి కొంచెం చొప్పున జొన్నలు తెచ్చి తాత ముందు పోశారు.