తనగ్రా బొమ్మల రంగు వలువలు

గ్రీసుదేశమున ఏథెన్సు నగరమునకు ఉత్తరముగా బియోషియా అను ప్రాంతము కలదు. ప్రాచీనకాలమున అందలి చిన్న పట్టణములలో తనగ్రా ఒకటి. 1870 ప్రాంతమున అచ్చటి పొలములలో పాత సమాధులు బయల్పడెను. గ్రామస్థులు వానిని త్రవ్వి చూడగా జానెడు ఎత్తు మట్టిబొమ్మలు దొరకినవి. వానిలో పెక్కు స్త్రీమూర్తులు. గ్రీకు శిల్పమనగానే అంతవఱకు దేవతలును వీరులును మాత్రమే జనుల మనస్సునకు వచ్చుచుండిరి. ఈ స్త్రీలు అట్టివారు కారు. ఒకతె తలపై ముసుగు సవరించుకొనుచున్నది. ఒకతె విసనకఱ్ఱ పట్టుకొన్నది. వేఱొకతె ఒడలంతయు పైబట్టలో చుట్టుకొని, చలికి ముడుచుకొన్నట్లు నిలిచియున్నది. ఐరోపాలోని ధనికులు వీనికై ఎగబడిరి. కొలది సంవత్సరములలోనే వేలకొలది సమాధులు కొల్లగొట్టబడెను.

ఈ బొమ్మలు సుమారు క్రీ. పూ. 330 మొదలు 200 వఱకు గల కాలమునకు చెందినవి. వీని విలువ అందముతో తీరునది కాదు. ప్రాచీన గ్రీకుల బట్టలు నేడు దాదాపు లభించుటలేదు. ఈజిప్టు ఎడారి యిసుక వేల ఏండ్లనాటి నారబట్టను చెడకుండ దాచినది. గ్రీసు నేలలోని తేమ అట్లు దాచలేదు. పాలరాతి విగ్రహముల మీది రంగులు ఎండకు, వానకు చాలవఱకు పోయినవి. కావున నాటి స్త్రీ ఏ రంగు బట్ట ధరించెను, దాని అంచు ఎట్లుండెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పగల సాక్షులలో ఈ చిన్న బొమ్మలు ముఖ్యమైనవి. ఆ సాక్ష్యము ఎంతవఱకు నమ్మదగినది అనుటయే చిక్కు.

బొమ్మ చేయు విధము చూడుడు. మెత్తని మట్టిని మూసలో అదిమి ముందుభాగమును తీయుదురు. వీపు సాధారణముగా సాదాగా నుండును. అందొక రంధ్రము విడుతురు. ఆవములో కాలునపుడు లోపలి గాలియు ఆవిరియు పోవుటకు అది దారి. తలలను, చేతులను వేఱుగా చేసి అతికించుటవలన ఒకే మూసనుండి భిన్నభిన్నమైన బొమ్మలు పుట్టుచుండెను. కాల్చుటకు ముందు బొమ్మ అంతటికి తెల్లని బంకమన్ను నీళ్లలో పలుచగా కలిపి పూయుదురు. ఈ తెల్లపూతయే తరువాతి రంగులకు ప్రాణము. పలుచని రంగుగుండ వెలుతురు లోనికి పోయి, తెల్లపూతను తాకి, వెనుకకు మరలును; అందుచే రంగు తేటగా కనబడును. ఎఱ్ఱమట్టిపై నేరుగా పూసినచో అదే రంగు మురికి పట్టినట్లుండును. మన కొండపల్లి పనివారు పొణికికఱ్ఱ బొమ్మకు రంగులు వేయుటకు ముందు తెల్లని సున్నపుపూత వేయుట తెలుగువారికి తెలిసినదే.

రంగులను మాత్రము బొమ్మ కాలిన పిదపనే, ఏదో ఒక జిగురుతో కలిపి వేసిరి. వానిలో కొన్ని ఆవపు వేడికి ఆగవు. అయితే జిగురుతో అంటిన రంగు మట్టిలో కాలినదాని వలె గట్టిగా నిలువదు. జిగురు సమాధిలో కుళ్లిపోవగా రంగు పొడియై, పొలుసులై రాలును. రంగుల తళుకునకు బొమ్మ చెల్లించిన మూల్యము అదియే.

నాటి గ్రీకు స్త్రీ లోపల ఖిటోన్ అను పొడుగాటి అంగీని, పైన హిమాటియోన్ అను పెద్ద పైబట్టను ధరించెడిది. లోవస్త్రపు నిలువు మడతలు పైబట్ట క్రిందనుండి తెలియునట్లు తీర్చిన బొమ్మలు కలవు. పారిసు నగరమునందలి లూవ్రు ప్రదర్శనశాలలో ‘నీలవస్త్రధారిణి’ అని పేరు పొందిన తనగ్రా బొమ్మ ఒకటి యున్నది. దాని పైబట్ట నీలము, అంచు గులాబి, ఆ అంచునకు బంగారు మెఱుగు.

ఈ రెండు రంగుల పుట్టుక వేఱువేఱు. గులాబిరంగు మంజిష్ఠ జాతికి చెందిన ఒక మొక్క వేరునుండి వచ్చినది. వేరునుండి దిగిన రంగు నీటిలో కరగియుండును. దానితో పూత వేయ వీలులేదు. పటికను, క్షారమును చేర్చినచో తెల్లని అవక్షేపమేర్పడి, రంగును తనతో పట్టుకొని అడుగునకు దిగును. దానిని ఆరబెట్టి నూరినచో పూతకు తగిన పొడి సిద్ధమగును. అద్దకములో పటిక చేయుపని యిట్టిదే. మచిలీపట్టణపు కలంకారీ అద్దకమువారు పటికతో చిరువేరు ఎఱుపును బట్టకు పట్టించినది ఈ గుణముచేతనే. కనుక బొమ్మమీది గులాబియు, నాటి అద్దకపువారు ఉన్నికి ఎక్కించిన ఎఱుపును చుట్టములు. నీలము సంగతి అట్లు కాదు. బట్టకు నీలి ఆకులనుండి వచ్చును. బొమ్మకు పూసినది ‘ఈజిప్టు నీలము’. ఇసుక, సున్నము, రాగి, క్షారము కలిపి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చి చేసిన గాజువంటి పదార్థము. అది బట్టకు పట్టదు. బొమ్మమీది నీలమును చూచి నాటి బట్ట సరిగా ఆ ఛాయలోనే యుండెనని చెప్పుటకు వీలులేదు.

గ్రంథస్థమైన సాక్ష్యము మఱియొక చిక్కు తెచ్చుచున్నది. క్రీ. పూ. 3వ శతాబ్దమున బియోషియాను చూచి వ్రాసిన హెరాక్లైడీస్, తనగ్రాకు పొరుగుననున్న తీబ్స్ స్త్రీలు కన్నులు మాత్రము కనబడునట్లు ముసుగు వేసికొందురనియు, ఆ పైబట్టలు తెల్లనివనియు చెప్పెను. ముసుగు బొమ్మలలో నున్నది. తెలుపు మాత్రమేయని బొమ్మలు చెప్పుటలేదు. మఱి అబద్ధమాడినది ఎవరు? ఏథెన్సునకు చేరువనున్న బ్రౌరోన్‌లో ఆర్టెమిస్ దేవికి స్త్రీలు సమర్పించిన వస్త్రముల పట్టికలు క్రీ. పూ. 4వ శతాబ్దపు శాసనములలో కలవు. వానిలో రంగు బట్టలు, అంచు బట్టలు, తుదకు కప్పరంగు బట్ట కూడ పేర్కొనబడినవి. కావున రంగు వలువలు చిత్రకారుని కల్పన కావు. హెరాక్లైడీస్ వీధిలో కనబడినది వ్రాసెను. బొమ్మలవాడు పండుగనాటి వేషమును ఎన్నుకొనెనేమో. ఇంతకుమించి చెప్పుట సాహసము.

త్రవ్వినవారును అమ్మినవారును బొమ్మలకు చేసిన హాని మట్టి చేసినదానికి తక్కువ కాదు. మురికితోపాటు రంగును కడిగివేసిరి. రంగున్న బొమ్మకే ధర ఎక్కువయగుటచే కొందఱు క్రొత్తరంగు పూసిరి. కొందఱు బొమ్మనే క్రొత్తగా చేసి పాతదని అమ్మిరి. ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ 1893లో వేసిన చిత్రములో ప్రాచీన దుకాణమున ఒక స్త్రీ కూర్చుండి చిన్న బొమ్మలకు రంగులు వేయుచుండును. అందలి బొమ్మలు జెరోమ్ స్వయముగా కల్పించిన నర్తకి రూపములు!

కంటికి కనబడని రంగును పట్టుకొను ఉపాయము ఇటీవలనే దొరకినది. ఈజిప్టు నీలముపై మామూలు వెలుతురు పడినపుడు అది కంటికి కనబడని పరారుణ కాంతిని వెలువరించును. ఆ కాంతిని కెమెరాతో పట్టు పద్ధతిని జొవాన్ని వెర్రి 2009లో వివరించెను. బొమ్మ చిత్రములో నల్లగా నుండ, నీలపు రేణువులు మిగిలినచోట నక్షత్రముల వలె తెల్లగా మెఱయును. మంజిష్ఠ గులాబియైనచో అతినీలలోహిత కిరణముల క్రింద నారింజ ఛాయలో వెలుగును. 18వ శతాబ్దమున పుట్టిన ప్రష్యన్ నీలము ఇట్లు వెలుగదు. దానిని వాడిన దొంగపూత ఈ పరీక్షలో నల్లగా మిగిలిపోవును.

అందుచేత త్రవ్వకములలో దొరకు బొమ్మలను వెంటనే కడుగుట నేడు తగని పనిగా ఎంచుచున్నారు. రంగులేమైన మిగిలినచో అవి తఱచుగా మడతల లోతులలో, తుడుచువాని వ్రేలు చేరనిచోట, మట్టి పెల్లల క్రిందనే యుండును.