ఆ సినిమాలో మనవాళ్లెక్కడ?

1985లో, పదో తరగతిలో ఉండగా, మా బ్యాచ్ కుర్రాళ్లం ఆరుగురం తలా కొంత వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్నాం. ఆ రాత్రి చూసిన క్యాసెట్లలో ఒకటి ‘జులూ’. సై ఎండ్‌ఫీల్డ్ దర్శకత్వంలో 1964లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర 1879 జనవరి 22, 23 తేదీల్లో సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు మూడు నాలుగు వేల మంది జులూ యోధులకు ఎదురు నిలిచిన కథ అది.

సోమవారం లంచ్ టైంలో బెంచీలు అడ్డం పెట్టుకుని అదే యుద్ధం ఆడాం. ఎర్రకోటు సైనికులు కావడానికి అందరూ పోటీపడ్డారు. జులూలు కావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఎనిమిదో తరగతి పిల్లల్ని పట్టుకొచ్చాం.

సోషల్ సార్ తలుపు దగ్గర నిలబడి చూశారు. తిట్టలేదు. “కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ చూశారా?” అన్నారు. చూడనిదెవరు! “అందులో చప్పట్లు ఎవరికి కొట్టారు?”

“రామరాజుకు సార్.”

“మరి ఇందులో?”

నీళ్లు నమిలాం.

“రెండు చోట్లా తుపాకీ పట్టుకొచ్చింది అదే దొర. కెమెరా పెట్టిన వైపు మాత్రమే మారింది. దాంతోపాటు మీ చప్పట్లూ మారాయి. ఇంకో మాట, ఆ యుద్ధం నాటికే మన తెలుగువాళ్లు ఆ దేశంలో ఉన్నారు. ఎందుకున్నారో తెలుసుకుని ఒక పేజీ రాసుకురండి.”

ఒక్కరమూ రాయలేదు.

తర్వాత ఇంజనీరింగ్, ఉద్యోగం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన కొన్నాళ్లకే హైటెక్ సిటీ చేరాను. అప్పట్నుంచీ ఈ చుట్టుపక్కలే. మూడేళ్ల క్రితం ఒక ప్రాజెక్టులో డర్బన్ నుంచి ఒకావిడ రోజూ వీడియో కాల్‌లో కలిసేవారు. ఇంటిపేరు అచ్చ తెలుగు, మాట మాత్రం పూర్తిగా ఇంగ్లీషు. ఒకరోజు మీటింగ్ అయ్యాక ఆగి, “మా ముత్తాత మీ వైపు నుంచే వచ్చాడు, ఆ ఊరు ఎక్కడుందో చెప్పగలరా?” అని అడిగారు. నలభై ఏళ్ల నాటి హోంవర్క్ గుర్తొచ్చింది.

చదివితే తెలిసిందిది. నాటాల్‌లో చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1860లో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ బయల్దేరింది. ఆ ఏడాది నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911లో ఈ రవాణా ఆగేలోపు లక్షన్నర మందికి పైగా వెళ్లారు. వారిలో మూడింట రెండొంతుల మంది మద్రాసు నుంచి ఓడెక్కినవారే. అంటే తమిళులు, తెలుగువాళ్లు. ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం.

ఇక సినిమా సంగతి. 1879 జనవరి 11న జులూ రాజ్యంలోకి చొరబడింది బ్రిటిష్ సైన్యమే. జనవరి 22నే ఇసాండ్ల్వానా దగ్గర జులూల చేతిలో ఆ పక్షం 1,300 మందికి పైగా కోల్పోయింది. ‘జులూ’ ఆ ఓటమి వార్తతో మొదలవుతుంది కానీ కారణం జోలికి వెళ్లదు. ముగింపులో జులూలు శత్రువుకు వందనం చేసి వెళ్లడం కల్పన. అయితే రాజు కెట్ష్వాయో వేషం వేసింది ఆయన వంశీకుడైన బుథెలెజీయే. చొరబాటు కథను పదిహేనేళ్ల తర్వాత ‘జులూ డాన్’ చూపించింది. దాని రచనలో ఎండ్‌ఫీల్డ్‌కూ భాగముంది.

కానీ మనవాళ్లు? 1899లో బోయర్ యుద్ధం మొదలైనప్పుడు గాంధీ గారు నాటాల్‌లో అంబులెన్స్ దళం కట్టారు. దాదాపు 1,100 మంది. వారిలో సుమారు 800 మంది ఒప్పంద కూలీలు. 1900 జనవరిలో స్పియాన్ కాప్ కొండ దగ్గర గాయపడిన జనరల్ వుడ్‌గేట్‌ను కూడా ఈ దళమే మోసింది. స్ట్రెచర్లు భుజాన వేసుకుని రోజుకు ఇరవై, పాతిక మైళ్లు నడిచామని గాంధీ గారే రాసుకున్నారు. మన ఏజెన్సీలో డోలీ మోసేవాళ్లను చూసినవారికి ఆ నడక ఎలాంటిదో చెప్పక్కర్లేదు. చరిత్రలో జనరల్ పేరుంది. మోసినవాళ్లలో చాలామంది ఓడ రిజిస్టర్లో ఒక నంబరుగా మిగిలారు.

డర్బన్ ఆవిడ పంపిన కాగితం అలాంటిదే. నంబరు, తండ్రి పేరు, వయసు, జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు మాత్రం దొర గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసింది. మూడు రకాలుగా చదవొచ్చు. మ్యాపులన్నీ వెతికాను, తేల్చలేకపోయాను. ఆ రోజుల్లో విశాఖ జిల్లా అంటే నేటి విజయనగరం ప్రాంతం కూడా కలిసే ఉండేది.

ఈ స్వర్ణోత్సవానికి సార్ వస్తున్నారని తెలిసింది. సార్, ఇదిగో మీరడిగిన పేజీ. ఆలస్యానికి క్షమించండి. పేజీ ఇంకా పూర్తి కాలేదు కూడా. మన బ్యాచుల్లో ఆ జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు. పాత తాలూకాల ఊళ్ల పేర్లు తెలిసిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే, ఆ రోజు భోజనాల దగ్గర నన్ను కలవండి. ఆ కాగితం నా జేబులోనే ఉంటుంది.