పేరు అడగని మజిలీలు

తెలంగాణ సాయుధ పోరాట చరిత్రకారులు తుపాకి పట్టిన చేతుల్ని గుర్తుంచుకున్నంతగా చీటీ అందించిన చేతుల్ని గుర్తుంచుకోలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా కొరియర్లుగా తిరిగిన, రహస్య స్థావరాలు నడిపిన ఆడవాళ్ళ పని ‘సహాయం’ కింద జమయిపోయింది. మల్లు స్వరాజ్యం అప్పుడు రాజక్క. మారుపేరు ప్రాణరక్షణ. రహస్యోద్యమాల సూత్రం ఒకటే: పట్టుబడిన మనిషికి తన వెనకా ముందూ ఉన్నవాళ్ళు తప్ప మరెవరూ తెలియకూడదు.

ఇంటర్నెట్లో ఈ సూత్రం మీదే నడిచేది టోర్. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ సైవర్సన్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్ దీనికి పునాది వేశారు. 2002లో నెట్‌వర్క్ మొదలైంది, 2006లో లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. మనం పంపే సమాచారం ఉల్లిపొరల్లాంటి తాళాలతో మూడు మజిలీలు దాటుతుంది. ఈ మజిలీల్నే రిలేలంటారు. ఎవరు పంపారు, ఎక్కడికి పంపారు అనే రెండూ ఏ ఒక్క మజిలీకీ తెలియవు. సైన్యం తన సాధనాన్ని జనానికెందుకిచ్చింది? వాడేవాళ్ళంతా సైనికులే అయితే ఇక దాపరికమెక్కడిది? దాక్కోవాలంటే జనసందోహం కావాలి.

ఆ మజిలీల్ని స్వచ్ఛందంగా, సొంత ఖర్చుతో నడుపుతారు. చిన్న రిలేకి 512 ఎంబీ మెమరీ సరిపోతుంది. కానీ నెలకు కనీసం 100 జీబీ డేటా లోపలికి రావాలి, అంతే బయటికి పోవాలి. అంటే గది అద్దెకంటే నీళ్ళ బిల్లు ఎక్కువన్నమాట. తక్కువ అద్దెకు ధారాళంగా డేటా ఇచ్చే జర్మనీ, ఫ్రాన్స్ కంపెనీల్లోనే రిలేలు గుమిగూడాయి. స్థావరాలన్నీ ఒకే వాడలో ఉంటే ఒక్క దాడి చాలు. అందుకే వేరేచోట్లు వెతకమని టోర్ సంస్థే కోరుతోంది.

మా రంగారెడ్డి జిల్లాలో చోటుకేం కొదవ? చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేట భూముల్లో అమెజాన్ డేటా సెంటర్లు లేచాయి. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. అయితే అలాంటి పెద్ద క్లౌడ్‌లో బయటికి పోయే డేటాకి జీబీల లెక్కన బిల్లు పడుతుంది. పైగా 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, సర్వర్ అద్దెకిచ్చేవాళ్ళు తీసుకున్నవాళ్ళ పేరు, చిరునామా, ఫోను నంబరు, దేనికి తీసుకున్నారన్న వివరం, వాళ్ళు ఖాళీ చేశాక కూడా ఐదేళ్ళు దాచాలి. రిలే నడపడం నేరమని అది చెప్పలేదు. కానీ రేపు పోలీసులు మొదట తట్టే తలుపు ఎవరిది?

పేరు లేనితనం మగవాళ్ళ ఆయుధం కూడా. 2021లో సుల్లీ డీల్స్, 2022 జనవరిలో బుల్లీ బాయి యాప్‌లలో ముస్లిం స్త్రీల ఫోటోలు ‘వేలానికి’ పెట్టినవాళ్ళు ముసుగుల వెనకే దాక్కున్నారు. ఈ అభ్యంతరాన్ని స్త్రీవాదులు తేలిగ్గా తోసెయ్యలేరు. అయితే ముసుగులన్నీ లాగేస్తే ముందు నష్టపోయేదెవరు?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. వాళ్ళ పేర్లు, ఊళ్ళు, వయసులు పేపర్లకెక్కాయి. ఏ ఊళ్ళోనైనా అలాంటి గదిలో ఏం జరిగిందో చూసిన ఆయా, నర్సు, ఆశా కార్యకర్త నోరు విప్పాలనుకుంటే, ఉద్యోగం పోకుండా చెప్పుకునే దారేది? అందరికీ టోర్ వాడటం రాకపోవచ్చు. ఆమె మాట వినే విలేఖరికి, పరిశోధకురాలికి రావాలి.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలున్నాయి. పత్రికకు చందా కట్టినట్టే నలుగురం కలిసి ఒక మధ్య మజిలీకి అద్దె కట్టగలం. మధ్య మజిలీ నుంచి నేరుగా ఏ వెబ్‌సైటుకీ సమాచారం పోదు కాబట్టి ఫిర్యాదుల బెడదా తక్కువే. ఆ పని చేసినవాళ్ళ లెక్క కూడా ఈసారి మనమే రాసిపెట్టుకోవాలి, నలభై ఏళ్ళు ఆగకుండా.