భాగహారం: ధూళిపలక నుంచి కాగితానికి

భాగహారం చరిత్రను చాలామంది విజయయాత్రలా చెబుతారు. పద్ధతి మన దేశంలో పుట్టింది, అరబ్బులు అందుకున్నారు, ఐరోపా నేర్చుకుంది, చివరికి మేలైనదే నిలిచింది అంటారు. మొదటి మూడు మాటలతో నాకు పేచీ లేదు. నాలుగోదాన్నే నమ్మలేను.

తొలి ఘట్టం తెలిసినదే. 499లో ఆర్యభటుడు వర్గమూలం, ఘనమూలం చెబుతూ, పాఠకుడికి భాగహారం వచ్చనే అనుకున్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, ఆయన గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన, 1150లో లీలావతి రాసిన భాస్కరుడు దాన్ని విడిగా నేర్పారు. భాస్కరుడి లెక్కలో విభాజకాన్ని ఎంతతో గుణించి తీసేస్తే విభాజ్యం చెల్లిపోతుందో అదే భాగఫలం.

అసలు చిక్కు ఆ లెక్క చేసిన చోట ఉంది. ధూళి పరిచిన పలక మీద విభాజకాన్ని విభాజ్యం కింద వేసి, తీసివేసిన కొద్దీ పై అంకెలు చెరిపి కొత్తవి వేసేవారు. పని ముగిసేసరికి భాగఫలం, శేషం తప్ప ఏమీ మిగలవు. ఎక్కడ తప్పామో వెతకడానికి ఆనవాలే ఉండదు. 952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ అనే గణితజ్ఞుడు కాగితం, సిరా చాలన్నాడు. పలక పట్టుకుంటే వీధి జ్యోతిష్కుల జమలో పడతామన్న సంకోచమూ ఆయనకుంది!

ఐరోపాలో చెరపడానికి బదులు కొట్టివేతలు వచ్చాయి. కొట్టేసిన అంకెలు పడవ ఆకారంలో పేరుకుంటాయి కనుక దాన్ని పడవ పద్ధతి అన్నారు. 1478లో ట్రెవీజోలో అచ్చయిన గణిత పుస్తకంలో అది ఉంది. ఇప్పుడు మనం చేసే రూపం 1491లో ఫ్లోరెన్స్‌లో కలాంద్రి పుస్తకంలో అచ్చయింది. కాగితమే సర్వకారణమైతే పాతది వెంటనే పోవాలి. పోలేదు, ఇంకో రెండు శతాబ్దాలు నడిచింది. అందులో అంకెలు తక్కువ పడతాయి, అలవాటు బలమూ ఉంది. అయినా చివరికి కొత్తదాన్ని నిలబెట్టింది వేగం కాదనీ, ప్రతి మెట్టూ కళ్లెదుట మిగలడమేననీ నా అభిప్రాయం.

మన బడులు ఆ లాభాన్ని సగమే వాడుకుంటున్నాయి. మెట్లు రాయిస్తారు, అంకెలు దించిస్తారు. 612ను 6తో భాగించి 12 అని రాసిన పిల్లకు ఆ మెట్లన్నీ ఎదురుగానే ఉన్నా అనుమానం రాదు. భాస్కరుడు ముందు పెట్టిన గుణకారాన్ని మనం ‘సరిచూడటం’ పేరుతో పాఠం చివరికి నెట్టాం. ఉపాధ్యాయులారా, గీత గీయించే ముందు ఆరును వందతో గుణిస్తే ఎంతని అడగండి.